గల్లీ గల్లీ తిరిగిన అబద్ధం

"నా చేతుల విషమున్నదని ఊరంత డప్పు కొట్టిచ్చినోళ్లు ఎవలో లేచి నిలవడుండ్రి. గా కుర్చీలల్ల కూసున్నోళ్లనే అడుగుతున్న. ఎనుకకు చూస్తరేంది? మీ ఎనుక గోడ తప్ప ఎవలు లేరు."

కట్టమ్మ ఈ మాట అరిచి చెప్పలేదు. అరవాల్సిన పని రాలేదు. మొగిలికుంట గ్రామపంచాయతీ ఆఫీసు ముందు పొద్దున్నుంచి జమై బీడీలు తాగుతూ, ముచ్చట్లు పెడుతూ ఉన్న జనం ఒక్కసారిగా నోళ్లు మూశారు. అరుగు మీది కుర్చీలు మాత్రం కిర్రుమన్నాయి. వాటిలో కూర్చున్నవాళ్లు సర్దుకున్నారు.

జరిగింది తెలిసినవాళ్లు కూడా ఒకసారి నెమరు వేసుకోవడం మంచిది. ఊళ్లు తొందరగా మరిచిపోతాయి, పెద్దమనుషులు ఇంకా తొందరగా మరిచిపోతారు. జఫర్‌గఢ్ మండలంలోని ఈ ఊరి బడిలో మధ్యాహ్న భోజనం వండేది ఇద్దరు ఆడవాళ్లు. మాదిగవాడ నుంచి కట్టమ్మ, గొల్లవాడ నుంచి భద్రమ్మ. పోయిన వానకాలంలో ఒకనాడు అన్నం తిన్న పిల్లలు వాంతులు చేసుకుని పడిపోయారు. వాళ్లను జనగామ దవాఖానకు ఆటోల్లో, ట్రాక్టర్లలో ఎత్తుకుపోయారు. దేవుడి దయో, డాక్టర్ల దయో, అందరూ బతికి వచ్చారు. కానీ పిల్లలు ఇంకా మంచాల మీద ఉండగానే ఊర్లో డప్పు మోగింది. కట్టమ్మ చేతి వంట ఎవరూ తినొద్దని, ఆమెను బడి గేటు తొక్కనివ్వొద్దని గల్లీ గల్లీకి చాటింపు వేశారు. వండింది ఇద్దరు. చాటింపులో వచ్చిన పేరు ఒకటే. ఆ పేరు ఏ వాడదో మళ్లీ చెప్పాలా?

ఊర్లో తల ఎత్తుకోలేక ఆమె గార్లలో చెల్లెలు మణెమ్మ ఇంటికి పోయి మిర్చి ఏరే కూలికి కుదిరింది. ఇప్పుడు నీళ్ల పరీక్ష ఫలితం వచ్చింది. వంటలో దోషం లేదు, బడి సంపు నీళ్లలో పురుగుల మందు కలిసింది. అది ఎట్లా కలిసిందో మాత్రం తెలియరాలేదు. పెద్దమనుషులు కబురు పెట్టారు, వచ్చి మాట్లాడుకొమ్మని. కట్టమ్మ బస్సు దిగి ఇంటి తాళం కూడా తీయకుండా, చేతి సంచితోనే ఇక్కడికి నడిచి వచ్చింది. కిందటి వారం భాగంలో మనం ఆమెను ఈ అరుగు ముందరే వదిలి వెళ్లాం.

నడిమి కుర్చీలో కొండల్ పటేల్ ఉన్నాడు. ఒకప్పటి సర్పంచ్, ఇప్పుడు బడి కమిటీ చైర్మన్. ఇప్పటి సర్పంచ్ పట్నం పోయాడు. ఉన్నా ఆ నడిమి కుర్చీలో కూర్చునేవాడు కాదు. పటేల్ పక్కన మండల విద్యాధికారి హరిలాల్. పెద్దవంగర దగ్గర తండాలో పుట్టి, చదివి, ఈ కుర్చీ దాకా వచ్చినవాడు. మిగతా కుర్చీల్లో కులపెద్దలు.

"కూసో కట్టమ్మా. ఎండలపడి వచ్చినవ్" అన్నాడు పటేల్, నవ్వు ముఖం పెట్టి. "ముందుగాల నీళ్లు తాగు."

"ఏ నీళ్లు పటేలా? సంపు నీళ్లేనా?"

వెనుక ఎవరో ఫక్కున నవ్వారు. పటేల్ నవ్వు చెదరలేదు గానీ కళ్లు నవ్వడం మానేశాయి.

హరిలాల్ గొంతు సవరించుకున్నాడు. "అమ్మా, రిపోర్టు నేనే చదివిన. మీ తప్పు ఏమాత్రం లేదని స్పష్టంగా ఉంది. సోమవారం నుంచి మీరు వంటకు రావొచ్చు. మీకు న్యాయం జరిగినట్టే."

"రిపోర్టు ఎవలెవలు చదివిండ్రు సార్?"

"నేను చదివిన. పై ఆఫీసుల చదివిండ్రు."

"డప్పు ఎవలెవలు విన్నరు?"

హరిలాల్ పటేల్ వైపు చూశాడు.

"కాయితం సదువొచ్చినోళ్ల కోసం సార్. డప్పు చెవులున్న ప్రతోళ్ల కోసం. ఊరంత విన్నది. కొట్టంల బర్రెలు గుడ విన్నయి. మీ కాయితమేమో బీరువాల పండుకుంటది. గది నాయమా?"

హరిలాల్ తల దించుకున్నాడు. అతను చెడ్డవాడు కాడు. కానీ మంచివాళ్లలో కూడా చాలామందికి న్యాయమంటే ఒక కాగితం మీద ముద్ర పడటమే. ముద్ర పడితే వాళ్ల పని అయిపోతుంది. దెబ్బ తిన్న మనిషి పని అప్పుడే మొదలవుతుందని వాళ్లకు తట్టదు.

పటేల్ చెయ్యి ఊపాడు, ఈగను తోలినట్టు. "సార్ లెక్కలు సార్‌వి, ఊరి లెక్కలు ఊరివి. జరిగిందేదో జరిగింది. ఊరన్నంక ఒక మాట అటు పోతది, ఒక మాట ఇటు పోతది. వచ్చే ఐతారం ఒక ఏటను కోద్దాం. కట్టమ్మకు ఊరు తరఫున చీర పెడదాం. అన్ని కులాలోళ్లం ఒక్కకాడ కూసొని తిందాం. కడుపుల ఉన్నది కడుపులనే కరిగిపోతది. ఏమంటరు?"

కులపెద్దలు తలలూపారు. ఈ ఊళ్లలో రాజీ అంటే ఇదే. కూర ఉడికితే తగాదా చల్లారినట్టు. తరతరాలుగా ఎన్ని తలలు పగిలినా, ఎన్ని గుడిసెలు తగలబడ్డా, చివరికి ఒక మేక మెడతో లెక్క సరి. తగిలిన దెబ్బ ఎవరిదో వాళ్లకు మాత్రం ముక్క గొంతు దిగదు.

కట్టమ్మ సంచి భుజం మార్చుకుంది. "మంచి మాటే. ఏట కూర ఎవలు వండుతరు పటేలా?"

పటేల్ వెంటనే జవాబు ఇచ్చేశాడు, ఆలోచించకుండా. అదే అతన్ని పట్టించింది.

"భద్రమ్మ వండుతది. ఆమె ఉన్నది గద."

"అంటే నేను వండితే మీరు తినరు."

జనంలో ఆడవాళ్లు ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. మాదిగవాడ వాళ్లు నిలబడ్డ వైపు నుంచి ఒక ముసలమ్మ అంది, అందరికీ వినపడేటట్టే, "పాపం, పటేల్‌కు నోరు మంచిది. లోపలిదంత బయట పెట్టుకుంటది."

కట్టమ్మ చేతి వంట ఎట్లాంటిదో ఆ ఊరి పిల్లలను అడగాలి. ఆమె పప్పుచారు పోసిన రోజు బడికి రాని పిల్లడు ఉండేవాడు కాదు. గంజి వార్చే తీరు, చింతపండు పిసికే తీరు, పోపు చిటపటలాడుతుండగా మూత వేసి ఆ వాసనను గిన్నెలోనే బంధించే తీరు ఆమెకు తల్లి నేర్పింది. సర్కారు బియ్యాన్ని కూడా ముద్దకాకుండా వండేది. గంటె పట్టుకోక ముందు చేతులు మోచేతుల దాకా కడుక్కునేది. ఆ చేతుల మీదే చాటింపు వేశారు.

పటేల్ కుర్చీలో ముందుకు జరిగాడు. "మాటకు మాట తీస్తున్నవ్ కట్టమ్మా. కూర వద్దు, చీర వద్దు. మరి ఏం గావాలె నీకు?"

"నాయం."

"నాయం, నాయం. అందరు అదే అంటరు. నాయమంటే ఏందో చెప్పు జర. సంచిల కట్టి ఇచ్చేదా అది?"

కొందరు నవ్వారు. కట్టమ్మ ఆ నవ్వు అయిపోయే దాకా ఆగింది. ఆమె కళ్ల ముందు గార్ల మిర్చి చేను మెదిలింది. కొత్తగా చేరిన రెండో వారమే, పగటి బువ్వ వేళకు ఒక కూలి మనిషి తన టిఫిన్ డబ్బాను ఆమె దగ్గర నుంచి మెల్లగా అవతలికి జరిపింది. ఎందుకని అడగనక్కరలేదు. ఆ మనిషి తల్లిగారి ఊరు మొగిలికుంట పక్కనే. ఆ సాయంత్రం మణెమ్మ ఇంట్లో పిల్లలకు అన్నం కలిపి పెట్టబోయి కట్టమ్మ చెయ్యి వెనక్కి తీసుకుంది. ఎవరూ ఏమీ అనలేదు. అయినా తీసుకుంది. తన చేతిని తానే నమ్మని రోజు అది. అంతకంటే పెద్ద దొంగతనం ఎవరు చేయగలరు? చర్చిలో పాస్టర్ గారు న్యాయం దేవుడు చేస్తాడన్నారు. చేస్తే చెయ్యనీ, కానీ డప్పు కొట్టించింది దేవుడు కాదు గదా అనుకుంది ఆమె.

"చెప్త పటేలా" అంది. "మీరు నా మీద చెప్పిన అబద్ధం నాకంటె ముందల బస్సెక్కి గార్లకు పోయింది. మానుకోటల నా బిడ్డ సౌందర్య నర్సు సదువుతున్నది, ఆమె హాస్టల్‌కు గుడ పోయింది. నీ తల్లేనా గామె అని అడిగిండ్రట. రేపు నా బిడ్డ చేతిల సూది ఉంటది. ఎవనికన్న జ్వరం తగ్గకపోతే మళ్ల ఇట్లనే డప్పు కొడతరు. వాడ పేరు చెప్తె సాలు, తప్పు ఎవలిదో ఎతకవలసిన పని లేదు మీకు. గందుకే చీర తీసుకొని ఊకుంట లేను. నాయమంటే ఉట్టిగ ఇచ్చేది కాదు. మీరు ఎత్తుకపోయింది నాది నాకు తెచ్చియ్యుడు. ఏ తొవ్వల ఎత్తుకపోయిండ్రో గా తొవ్వలనే తేవాలె. గల్లీ గల్లీకి నా ఇజ్జత్ తీసిండ్రు. గల్లీ గల్లీకి తెచ్చి ఇయ్యుండ్రి."

ఆమె ఆగింది. ఎవరూ నవ్వలేదు. మాదిగవాడ వాళ్లు నిలబడే తీరు మారింది. అప్పటిదాకా గోడ వారన ఒదిగి ఉన్నవాళ్లు ఒక అడుగు ఎండలోకి వచ్చారు.

పటేల్ లెక్క వేసుకున్నాడు. ఇది మేక కంటే తక్కువ పనే. "గింతేనా? దీనికేనా ఇంత లొల్లి? చాటింపు వేపిద్దాం. సమ్మయ్య వచ్చిండా? వచ్చిండు గద, పొద్దుగాల బస్సు దిగంగ చూసిన. సమ్మయ్యా, డప్పు తీయి. కట్టమ్మ మంచిదని నాలుగు మాటలు చెప్పు ఊర్లె. నువ్వు చెప్తేనే బాగుంటది."

జనం పక్కకు జరిగారు. వెనుక సమ్మయ్య కనిపించాడు.

సమ్మయ్య కట్టమ్మ భర్త. ఆనాడు ఆమె మీద చాటింపు వేసింది కూడా అతనే.

ఈ ఊర్లో చాటింపు పని మాదిగవాడ ఇండ్లకు వంతు ప్రకారం తిరుగుతుంది. ఆ వారం వంతు వాళ్ల ఇంటిది. పటేల్ మనిషి గుమ్మంలోకి వచ్చి వంతు నీది అన్నాడు, ఏం చెప్పాలో చెప్పాడు. సమ్మయ్య డప్పు తీసుకున్నాడు. ఎందుకు తీసుకున్నావని ఇప్పుడు అడగడం తేలిక. తాతల నుంచి వచ్చిన అలవాటు మెదడు కంటే ముందు చేతికి అందుతుంది. పెద్దమనిషి మాట చెప్తే కాళ్లు వాటంతట అవే నడుస్తాయి. ఆ అలవాటు పేరు ఇంకొకటి ఉంది, బానిసతనం. అతను ఊరంతా తిరిగి, చివరికి తమ వాడకూ వచ్చాడు. తమ ఇంటి ముందర కూడా ఆగాడు. దాటిపోతే పని సగమైందంటారని ఆగాడు. ఇంట్లో బియ్యం కడుగుతున్న కట్టమ్మ తన మొగడి డప్పులో, తన మొగడి గొంతులో ఆ మాటలు విన్నది.

తర్వాత అతను డప్పును దూలానికి తగిలించి భూపాలపల్లి పోయాడు. బొగ్గు లారీల మీద తాటిపత్రి పట్టాలు కట్టే పనిలో చేరాడు. ఇద్దరి మధ్య ఫోన్లు నడిచాయి, కానీ కూతురి ఫీజు సంగతి, కూతురి జ్వరం సంగతి తప్ప ఇంకో మాట రాలేదు. ఈ పొద్దున అతను వచ్చాడని పటేల్ అనేదాకా కట్టమ్మకు తెలియదు. ఇప్పుడు చూసింది. చిక్కిపోయాడు. గోళ్లలో బొగ్గు. భుజానికి దూలం మీంచి దించిన డప్పు.

అతను ఏం చేస్తాడో ఆమెకు తెలుసనుకుంది. తలూపుతాడు. కళ్లు దించుకుని నాలుగు మంచి మాటలు చెప్పుకుంటూ పోతాడు. ఊరు నవ్వుకుంటుంది. ఆమె పళ్లు బిగించింది.

సమ్మయ్య అరుగు దాకా వచ్చి ఆగాడు. "డప్పు కొడ్త పటేలా. ఇసొంటి దినం కోసమే తెచ్చుకున్న."

"శెభాష్."

"గని మాట చెప్ప."

"అంటే?"

"నా పెండ్లం మంచిదని నేను చెప్తే ఊరు నవ్వుతది. మొగడు చెప్పక ఎవడు చెప్తడంటరు. నీకు గది ఎరుకే. గందుకే నన్ను చెప్పుమన్నవ్." సమ్మయ్య భుజం మీది డప్పును చేతిలోకి తీసుకున్నాడు. "ఆనాడు మాట నీది, నోరు నాది. నోరు కిరాయికి ఇచ్చిన, తప్పే. ఇయ్యాల నా చేతులు డప్పు కొడతయి. మాట నీది. నోరు గుడ నీదే. నేను ఎనుక నడుస్త, నువ్వు ముందల నడువు. వంతు నీ ఇంటికి తిరిగింది."

కట్టమ్మ అతని ముఖంలోకి చూసింది. పెండ్లినాడు కూడా ఇంత నిండుగా చూసి ఉండదు. ఆమె గుండెల్లో ఒక గట్టి ముడి ఉండేది, అది విప్పుకుంటున్నట్టు అనిపించింది. పూర్తిగా కాదు. అంత తొందరగా విడిపోతే అది ముడే కాదు. కానీ తన పక్కన ఒక మనిషి నిలబడ్డాడు. బానిస కాదు, మనిషి. ఆ గర్వం ఆమె వెన్నులోంచి పైకి పాకి మెడను నిలబెట్టింది.

కొండల్ పటేల్ కుర్చీలోంచి లేచాడు. "నన్ను డప్పు ముందల నడువుమంటున్నవా?"

"ఎన్నడన్న ఉన్నదా గిసొంటిది?" అన్నాడు ఒక కులపెద్ద.

"ఆడమనిషి చేతి మీద డప్పు కొట్టిచ్చుడు ఎన్నడన్న ఉండెనా?" అంది ఇందాకటి ముసలమ్మ. "గది కొత్తగ పెట్టింది మీరే. ఇది గుడ పెట్టుండ్రి."

ఈసారి నవ్వు అన్ని వాడల నుంచి వచ్చింది. పటేల్ గొంతు పెంచాడు. "నేనేం తప్పు చేసిన? పిలగాండ్లు కండ్ల ముందల పడిపోతుంటే చైర్మన్‌గ ఊరికి హుషార్ చెప్పిన. గంతే. నీళ్లల్ల మందు ఎట్ల కలిసిందో ఎవలికి తెలుసు? ఎవడు కలిపిండో వాని తోలుకరాండ్రి, వాని నడిపియ్యుండ్రి. నన్ను కాదు. గా సంగతి భగవంతునికి తప్ప ఇంకెవలికి తెల్వది."

"నాకు తెలుసు పటేలా."

ఆ గొంతు సన్నగా వచ్చింది. భద్రమ్మ. కట్టమ్మతో కలిసి వండిన మనిషి, ఆమె పోయాక ఒంటరిగా వండుతున్న మనిషి. కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నిలబడి ఉంది. ఇప్పుడు కొంగు తీసేసింది.

"ఇంట్లకు పో భద్రమ్మా" అన్నాడు పటేల్, మెల్లగా.

"పోత. చెప్పి పోత. ఇంట్ల నిద్ర పడ్తలేదు నాకు." ఆమె అరుగు వైపు చూడలేదు, కట్టమ్మ వైపే చూసింది. "అక్కా, గా దినం పొద్దుగాల నువ్వు రాకముందు పటేల్ వచ్చిండు. వానలు లేక పత్తికి పురుగు పట్టె. బడి గోడ ఎనుకనే గద ఆయన పత్తిచేను. జర మోటరు తాళమియ్యి, డ్రమ్ముకు నీళ్లు నింపుకుంట అన్నడు. ఇచ్చిన. సంపు మోటరు పైపు తీసి గోడ మీదికెల్లి ట్రాక్టరు మీది డ్రమ్ముల పెట్టిండు. డ్రమ్ముల అప్పటికే మందు పోసి ఉన్నది. నీళ్లు పడుతుండంగనే కరెంటు పోయింది."

అంతే చెప్పింది. అంతకంటే చెప్పనక్కరలేదు. అక్కడున్నవాళ్లలో సగం మంది రైతులే. పైపు మూతి నీళ్లలో మునిగి ఉండగా కరెంటు పోతే ఏమవుతుందో వాళ్లకు బడిలో ఎవరూ నేర్పలేదు, చేన్లో నేర్చుకున్నారు. సంపు అడుగున వాల్వు పాడైతే మోటరు ఎక్కించిన నీళ్లను పైపు వెనక్కి పీల్చుకుంటుంది. పైన డ్రమ్ము, కింద సంపు. మందు కలిసిన నీళ్లు వచ్చిన దారినే జారి బడి సంపులోకి పోయాయి. చాలామంది రైతులు ఎప్పుడో ఒకప్పుడు పైపు తీయడం మరిచినవాళ్లే. బావిలోకి పోతే పోయింది అనుకున్నవాళ్లే. ఇది పిల్లలు తాగే సంపు.

"డ్రమ్ము సగం ఖాళీ అయింది నా కండ్లతోని చూసిన" అంది భద్రమ్మ. "చేన్లకు కారిందనుకున్న. పిలగాండ్లు పడిపోయినంక సమజైంది. గప్పటికెల్లి బోరింగు నీళ్లతోనే వండుతున్న. మాపటికి పటేల్ నా ఇంటికి వచ్చిండు. తాళం నీ చేతిలదే, మాట బయటికొస్తే జైలుకు నువ్వే ముందల పోతవ్ అన్నడు. నాకు భయమైంది అక్కా."

కట్టమ్మ ఆమె ముందుకు వచ్చి నిలబడింది. తర్వాత అడిగింది, "ఇన్నొద్దులు యాడ పెట్టుకున్నవ్ గీ మాట?"

"కడుపుల."

"అరిగిందా మరి?"

"అరగలే అక్కా." భద్రమ్మ ఏడ్చింది.

"ఏడ్వకు. ఏడ్చుడు తర్వాత. నాకు నీ మీద కోపమున్నది, గది నీకూ నాకూ మధ్య తేల్చుకుందాం. ఇయ్యాల మాట్లాడినవ్, గది చాలు."

పటేల్ జనం వైపు తిరిగాడు. "కరెంటు పోతదని నాకు ఎట్ల తెలుసు?" అన్నాడు. "కావాలని చేసిన్నా? నా మనుమడు గుడ గా బడిలనే సదువుతడు. వాడు గుడ తిన్నడు గా అన్నం."

తన నోటితోనే ఒప్పుకున్నానని అతనికి ఆ మాట పూర్తయ్యాక తెలిసింది. హరిలాల్ తల ఎత్తాడు. కులపెద్దలలో ఒకడు కుర్చీని కొంచెం పక్కకు జరుపుకున్నాడు.

"కావాలని చెయ్యలే" అంది కట్టమ్మ. "నేను గుడ ఒప్పుకుంట. పైపు మరిచిపోవుడు మనిషి తప్పు. ఎవలికైన అయితది. దానికి నిన్ను చంపుమని నేను అంటలేను. గని పటేలా, పిలగాండ్లు పడిపోయిన గడియల నీకు ఎరుకైంది, అది ఏ మందో. జనగామ దవాఖానల డాక్టర్లు ఏం తిన్నరు, ఏం తాగిండ్రు అని తల్లులను అడుగుతనే ఉండిరి. నువ్వు ఉరికి పోయి గీ మందు అని చెప్తే మందుకు మందు జల్ది పడుతుండె. నీ మనుమనికి గుడ పడుతుండె. నువ్వు డాక్టర్ తానకు పోలే. డప్పు తానకు పోయినవ్."

అప్పటిదాకా ఇది మాదిగవాడ గొడవ. ఆ క్షణం నుంచి కాదు. ముందు వరుసలో చంక పిల్లతో నిలబడ్డ ఒక గొల్ల ఇల్లాలు అరుగు మెట్టు దాకా వచ్చి పటేల్ ముఖంలోకి చూసింది. "నా కొడుకు మూడొద్దులు కండ్లు తెరువలే" అంది. "నేను గీ కట్టమ్మను తిట్టని తిట్టు లేదు. బజార్ల మన్ను పోసిన ఆమె మీద. నాతోని పోయించింది నువ్వా?"

ఒక్క మనిషికి అన్యాయం జరిగితే అది ఆమె ఇంటికే అనుకుంటుంది ఊరు. కట్టమ్మ మీద వేసిన నింద ఆమెను ఒక్కదాన్నే కొట్టలేదు. అసలు విషాన్ని దాచింది. పిల్లలకు వైద్యం ఆలస్యం చేసింది. ఆ సంపును ఎవరూ కడగకుండా ఎన్నాళ్లో ఉంచింది. ఒక మనిషి పేరు మీద అబద్ధం మోపితే నిజం బతికి ఉన్నచోటే పాతిపెట్టబడుతుంది. న్యాయం ఎందుకు కావాలని అడిగేవాళ్లు ఆ తల్లి ముఖం చూస్తే చాలు.

హరిలాల్ లేచి నిలబడ్డాడు. అతని మాటలో ఆఫీసు పోయి తండా వచ్చింది. "పటేల్ సాబ్, నేను మళ్ల రాస్త. ఇప్పుడు విన్నదంత రాస్త. పోలీసులకు గుడ పోతది."

"రాయుండ్రి సార్. గది మీ పని" అంది కట్టమ్మ. "మేం సాక్ష్యం చెప్తం. గని డప్పు ముందల. కేసు ఎప్పటికి తేలుతదో మనకు ఎరుక లేదు. నా పేరు అందాక బజార్ల పడి ఉండదు."

ఆఫీసు పక్క ఖాళీ జాగాలో సమ్మయ్య గడ్డి పోగు చేసి నిప్పు అంటించాడు. డప్పు తోలును మంటకు చూపిస్తూ తిప్పాడు. తోలు బిగిసింది. ఒకసారి పుల్లతో తట్టి చూశాడు. ఖంగుమంది. వాడలో నుంచి ఇంకా ఇద్దరు తమ డప్పులు తెచ్చి మంట చుట్టూ కూర్చున్నారు. వాళ్లను ఎవరూ పిలవలేదు, వాళ్ల వంతు కూడా కాదు. పిలవకుండా, వంతు కాకుండా ఆ వాడ డప్పులు ఎత్తడం మొగిలికుంట ఎప్పుడూ చూడలేదు. ఆడవాళ్లు కొంగులు నడుముకు దోపుకుని నిలబడ్డారు. చావు ముందు, పెండ్లి ముందు, పెద్దల ముందు మోగిన తోలు ఇవాళ తమ కోసం వేడెక్కుతున్నదని వాళ్లకు తెలుసు. వాళ్ల ముఖాలు చూడాల్సిందే.

కొండల్ పటేల్ కండువా సర్దుకుని అరుగు దిగబోయాడు. దారి ఇచ్చేవాళ్లు ఇవ్వలేదు. తోసేవాళ్లూ తోయలేదు. ఊరికే నిలబడ్డారు. అతను ఒక మెట్టు దిగి ఆగి, కట్టమ్మకు మాత్రమే వినిపించాలని తల వంచి అన్నాడు.

"ఆలోచించుకో కట్టమ్మా. గీ ఊర్లె మీ వాడ బతకాల్నా వద్దా? ఎవల చేన్లల్లకు పోతరు కూలికి? మీ వాడ నల్లాకు నీళ్లు యాడికెల్లి వస్తయో మరిచినవా?"

మెల్లగా అన్నాడు గానీ ఆ నిశ్శబ్దంలో అందరూ విన్నారు. అది ఉత్త బెదిరింపు కాదని కట్టమ్మకు తెలుసు. అతనికి చేతనవును. రేపు పొద్దున నల్లా బంద్ అవుతుంది, ఎల్లుండి కూలికి ఎవరూ పిలవరు, వాడ పిల్లలు ఆకలితో ఆమె గుమ్మం వైపు చూస్తారు. ఆమె వెనక్కి తిరిగి తన వాళ్లను చూసింది. ఎవరన్నా తల దించుకుంటారేమోనని చూసింది. ముసలమ్మ దించుకోలేదు. డప్పులవాళ్లు దించుకోలేదు. సమ్మయ్య డప్పును మెడకు తగిలించుకుంటున్నాడు.

కట్టమ్మ చేతి సంచిని కింద పెట్టింది. రెండు చేతులూ ఖాళీ అయ్యాయి.

"గది గుడ చాటింపుల చెప్పు పటేలా. గా నల్లా మాట గుడ. ఊరు వినాలె" అంది. "ఇగ నువ్వు చెయ్యాల్సింది చెప్త, విను. మీ గల్లీకెల్లి మొదలుపెడదాం. మీ గల్లీల మేము తరాలకొద్ది చెప్పులు చేతుల పట్టుకొని నడిచినం. నువ్వు తొడుక్కొనే నడువు, మేం మీలెక్క కాదు. ప్రతి మలుపుకాడ డప్పు ఆగుతది. పైపు నాది, మందు నాది, తెలిసి గుడ దాచిన, కట్టమ్మ చేతులు మంచియి అని నీ నోటితోని చెప్పు. గొల్లవాడల చెప్పు. మాదిగవాడల చెప్పు. మా ఇంటి గుమ్మం ముందల ఆగి చెప్పు, యాడనైతే నా మొగనితోని చెప్పిచ్చినవో గాడనే. రేపు కాదు, ఐతారం కాదు. ఇప్పుడు. దిగు పటేలా, ఇంక ఒక్క మెట్టే ఉన్నది."